మిగ్-21 పక్కన ఒక తెలుగు కార్డు

యుద్ధ విమానాల ప్లాస్టిక్ మోడల్స్ కడతామని చెప్తే మాకు మూడు రకాల మాటలు ఎదురవుతాయి. "ఇంత పెద్దయి ఇంకా బొమ్మలాట ఏందిరా?" అనేది మొదటిది. "సి.ఎస్.ఇ. చదువుతా ఇదంతా ఎందుకు, ఆ టైములో నాలుగు కోడింగ్ ప్రాబ్లమ్స్ చేసుకోవచ్చు కదా" అనేది రెండోది. మూడోది కొంచెం సీరియస్. "మనుషుల్ని చంపడానికి చేసిన మిషన్లకి ముద్దుగా రంగులేసి షెల్ఫులో పెట్టుకోవడం ఏం సరదా?"

మొదటి రెండింటికీ నవ్వి ఊరుకోవచ్చు. మూడోదానికి మాత్రం జవాబు చెప్పాల్సిందే. నా జవాబు ఇది: మోడల్ కట్టాలి, కానీ ఆ విమానం కథ పూర్తిగా పక్కన రాసిపెట్టకుండా దాన్ని షెల్ఫు ఎక్కించకూడదు. ఆ రాసేది తెలుగులో ఉండాలి. ఎందుకో చెప్తాను.

ముందు మేమెవరో. మేం ముగ్గురం. నాది మదనపల్లె, ఒకడిది పుంగనూరు, ఇంకొకడిది కుప్పం. మూడూ ఒకే దారిలో ఉండే ఊర్లే. మదనపల్లె నుంచి బయల్దేరితే పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం పోవచ్చు. సెలవు ఆదివారాల్లో పుంగనూరులో మా ఫ్రెండు వాళ్ళ మేడ మీద గదిలో కూర్చుంటాం. మేం కట్టేవి సోవియట్ కాలం నాటి మిలిటరీ విమానాలు, అందులోనూ మన దేశం గుర్తులతో ఎగిరినవి. మిగ్-21, మిగ్-25, తు-142 లాంటివి. "మన విమానాలు కట్టొచ్చు కదా, ఆ దేశంవి ఎందుకు?" అని అడుగుతారు. ఆ విమానాలు తీసేస్తే 1960ల తర్వాత మన వైమానిక దళం చరిత్రలో పెద్ద పెద్ద ఖాళీలు మిగుల్తాయి. అవి కూడా మనవే.

కిట్ అంటే తెలియనివాళ్ళకి రెండు మాటలు. పెట్టె తెరిస్తే బూడిద రంగు ప్లాస్టిక్ ఫ్రేములు ఉంటాయి. వాటికి చిన్న చిన్న భాగాలు చింతకాయల్లాగా అంటుకుని ఉంటాయి. కట్టర్‌తో కత్తిరించి, అంచులు ఉప్పుకాగితంతో రుద్ది, సిమెంటుతో అతికించాలి. సిమెంటు అంటే ఇల్లు కట్టేది కాదు. ప్లాస్టిక్‌ని కొంచెం కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేసే పల్చటి ద్రావణం. సందులు మిగిలితే పుట్టీతో పూడ్చాలి, ఆరినాక మళ్ళీ రుద్దాలి, ప్రైమర్ కొట్టాలి, రంగులెయ్యాలి. చివర్లో గుర్తులు, నంబర్లు ఉండే స్టిక్కర్లని నీళ్ళలో నానబెట్టి జాగ్రత్తగా ఎక్కించాలి.

1/72 స్కేలు అంటే నిజం విమానంలో 72 సెంటీమీటర్లు మన చేతిలో 1 సెంటీమీటరు. మిగ్-21 రెక్క చివర నుంచి రెక్క చివరికి 7.15 మీటర్లు, 1/72లో 10 సెంటీమీటర్ల లోపే, అరచేతిలో కూర్చుంటుంది. అదే తు-142 అయితే 50 మీటర్లు. 1/72లో కూడా దాదాపు 70 సెంటీమీటర్లు వస్తుంది, హాస్టల్ టేబుల్ మీద ఇంక లాప్‌టాప్‌కి చోటుండదు. అందుకే దాన్ని 1/144లో, 35 సెంటీమీటర్లలో కడతా ఉన్నాం. దానికి నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకి ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు, ఒక్కో ప్రొపెల్లరుకి నాలుగు బ్లేడ్లు. మొత్తం 32 బ్లేడ్లకి రంగెయ్యాలి. స్కేలు లెక్కలు నేను మొదలుపెడితే పుంగనూరు వాడు ఒకటే మాట అంటాడు: "మా ఊరి ఆవునే దేవుడు స్కేల్ మోడల్‌లో చేసినాడప్పా, నువ్వు మాకు చెప్పేదేముంది?"

ఈ పనిలో నాకు బాగా నచ్చింది మాటలు. నేను ఎల్.కె.జి. నుంచి ఇంగ్లీష్ మీడియమే. కిట్‌లో వచ్చే కాగితం చదివేటప్పుడు ఫ్యూజలాజ్, ల్యాండింగ్ గేర్, టెయిల్ ప్లేన్ అనే చదువుతాను. చేతులు పనిలో పడినాక మాత్రం ముగ్గురి నోటా వచ్చేది ఒళ్ళు, కాళ్ళు, తోక, ముక్కు. "ఒళ్ళు ఆరిందా? అయితే కాళ్ళు పెడదాం." కుప్పం వాడి మేనమామ ఇళ్ళకి పెయింట్ వేస్తాడు. ఒకసారి మా రెక్కని వేలితో తడిమి చూసి "ఏమప్పా, లప్పం సరిగ్గా పట్టలేదే" అన్నాడు. ఆ రోజు నుంచి మా గదిలో పుట్టీ పోయి లప్పం వచ్చింది. తెలుగులో టెక్నికల్ విషయం రాయడం కుదరదు అనేవాళ్ళు ఒక ఆదివారం మాతో కూర్చోవాలి.

ఇక అసలు విషయం. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వైమానిక దళం మిగ్-21కి వీడ్కోలు చెప్పింది. 1963లో అది మన దళంలో చేరింది కూడా చండీగఢ్‌లోనే. మధ్యలో 62 ఏళ్ళు. ఆ వారమంతా రీల్స్‌లో, వార్తల్లో రెండే మాటలు తిరిగినాయి. ఒకటి "వీరుడు". ఇంకొకటి "ఎగిరే శవపేటిక". రెండూ వినడానికి బాగుంటాయి. ఆ విమానాన్ని ముక్క ముక్కగా చేత్తో కట్టినవాళ్ళకి మాత్రం రెండూ సరిపోవు.

ముక్కు నుంచి చూద్దాం. మిగ్-21 ముక్కు గుండ్రంగా తెరుచుకుని ఉంటుంది. ఇంజనుకి గాలి పోయేది అక్కడి నుంచే. మధ్యలో మొనదేలిన ఒక కోన్. రాడార్ ఆ కోన్‌లోనే ఇమడాలి. కోన్ పెద్దది చేస్తే గాలికి దారి తగ్గుతుంది, చిన్నది చేస్తే పెద్ద రాడార్ పట్టదు. కిట్‌లో ఆ కోన్ చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాన్ని పట్టుకుని ముక్కులో కూర్చోబెడితే ఈ విమానం రాడార్ ఎందుకు చిన్నదో వేరే చెప్పనక్కర్లేదు. రెక్కలు పల్చటి త్రికోణాలు. ధ్వని వేగానికి రెండింతల దాకా పోవడానికి అవి పనికొస్తాయి, కానీ నేలకి దిగేటప్పుడు చాలా వేగంగా దిగాల్సి వస్తుంది. ఒళ్ళు సన్నం, కాబట్టి ఇంధనం తక్కువ, కాబట్టి ఎక్కువ దూరం పోలేదు. శత్రువు బాంబర్ వస్తుందనగానే పైకి లేచి, కొట్టి, దిగిపోవడానికి చేసిన విమానం అది. మన దగ్గర దాంతో నేల మీద బాంబులు వేయించినారు, కొత్త పైలట్లకి ట్రైనింగ్ కూడా ఇప్పించినారు.

ఆ ట్రైనింగ్ సంగతి కొంచెం ఆగి చూడాలి. మామూలు ట్రైనర్‌కీ ఫైటర్‌కీ మధ్య ఒక మెట్టుగా అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలని లా ఫాంటెయిన్ కమిటీ 1982లో సిఫార్సు చేసింది. హాక్ విమానాల కోసం ఒప్పందం అయింది 2004లో. అవి వైమానిక దళంలో చేరింది 2008లో. అంటే 26 ఏళ్ళు. అన్నేళ్ళూ కుర్ర పైలట్లు నెమ్మదిగా ఎగిరే ట్రైనర్ల నుంచి దిగి మిగ్-21 ఎక్కినారు. స్కూటీ నేర్పించి హార్స్‌లీ హిల్స్ ఘాట్‌లో లారీ తాళాలు ఇచ్చినట్టు. మిగ్-21లోనే రెండు సీట్ల రకం ఉంది, నిజమే. దాని యు.ఎం. మోడల్‌లో వెనక సీట్లో కూర్చునే గురువుకి ముందర రన్‌వే సరిగ్గా కనపడదని పైన ఒక పెరిస్కోప్ పెట్టినారు. 1/72లో అది అగ్గిపుల్ల తలకాయంత ముక్క. ట్వీజర్‌తో పట్టుకుని అతికించేటప్పుడు, ఈ అద్దంలో చూసి శిష్యుడి ల్యాండింగ్ సరిచెయ్యాల్నా అని మా ముగ్గురికీ ఒకేసారి అనిపించింది.

2012 మే నెలలో అప్పటి రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ రాజ్యసభకి ఒక లెక్క చెప్పినారు. అన్ని రకాలూ కలిపి 872 మిగ్ విమానాలు తీసుకుంటే, 1971-72 నుంచి అప్పటిదాకా 482 ప్రమాదాల్లో పోయినాయి. 171 మంది పైలట్లు చనిపోయినారు. 39 మంది మామూలు జనం చనిపోయినారు. ఆ 39 మందికీ మిగ్‌కీ ఏ సంబంధమూ లేదు. పొలంలోనో ఇంట్లోనో వాళ్ళ పనిలో వాళ్ళు ఉండే మనుషులు. "శవపేటిక" అని విమానాన్ని తిట్టేస్తే, 26 ఏళ్ళు ట్రైనర్ కొనని నిర్ణయం తప్పించుకుంటుంది. "వీరుడు" అని దండేసేస్తే ఈ 39 మంది ఎక్కడా కనపడరు. రెండు మాటలూ ఎవరో ఒకరిని దాచిపెడతాయి.

"సోవియట్ సరుకు అంతేలే" అనేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకి తు-142ని చూపిస్తాను. కుప్పం నుంచి చెన్నై రైలెక్కితే దారిలో అరక్కోణం వస్తుంది. అక్కడే నౌకాదళం వాళ్ళ ఐ.ఎన్.ఎస్. రాజాళి స్థావరం. 1988లో నౌకాదళంలో చేరిన తు-142లు 1992లో గోవా నుంచి అక్కడికి మారినాయి, 2017 మార్చి 29న అక్కడే రిటైర్ అయినాయి. సముద్రం మీద గంటలు గంటలు తిరిగి సబ్‌మెరైన్లని వెతకడం వాటి పని. 29 ఏళ్ళలో 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరినాయని నౌకాదళం చెప్పుకుంది. వాటిలో ఒకటి ఇప్పుడు విశాఖపట్నం బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంది, 2017 డిసెంబరులో తెరిచినారు. ఎదురుగా కురుసుర సబ్‌మెరైన్, అది కూడా సోవియట్ తయారీయే. వైజాగ్ పోయినవాళ్ళందరూ ఆ రెండింటి ముందూ ఫోటో దిగే ఉంటారు.

అదే విశాఖకి ఇంకో సోవియట్ విమానం మిగిల్చింది వేరే. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ పోతున్న ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది. వాళ్ళలో 8 మంది విశాఖలోని నౌకాదళ ఆయుధ డిపోలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు. విమానం శకలాలు సముద్రం అడుగున దాదాపు 3,400 మీటర్ల లోతులో కనపడినాయని 2024 జనవరిలో ప్రకటించినారు. ఏడున్నర ఏళ్ళు ఆ ఇళ్ళలో ఎట్లా గడిచి ఉంటాయో ఊహించుకోండి. ఒక ఊర్లోనే ఒక విమానం మ్యూజియం అయింది, ఇంకో విమానం దుఃఖం అయింది. షెల్ఫు మీద రెండూ బూడిద రంగు బొమ్మలే. పక్కన ఏమీ రాయకపోతే చూసేవాళ్ళకి తేడా ఎట్లా తెలుస్తుంది?

"సోవియట్" అనే మాటనే తీసుకోండి. మా తాతల కాలంలో చాలామందికి అది విశాలాంధ్ర షాపుల్లో తక్కువ ధరకి దొరికిన తెలుగు అనువాదాల పుస్తకాలు. మాకు పెట్టె మీద ఎర్ర నక్షత్రం. మేం పుట్టేసరికి ఆ దేశం పోయి దాదాపు 15 ఏళ్ళు. అందుకే సోవియట్ అంటే రష్యా అని సులువుగా అనేస్తాం. మిగ్ పేరులో సగం మికోయాన్‌ది, ఆయన ఆర్మేనియాలో పుట్టినాడు. ఏఎన్-32 చేసిన ఆంతోనోవ్ సంస్థ ఉండేది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో. మనం గజరాజ్ అని పిలుచుకునే ఐఎల్-76లు తయారైంది ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్‌లో. ఇప్పుడు మా టేబుల్ మీద ఒక పక్క జ్వెజ్దా వాళ్ళ మిగ్-21 పెట్టె, అది మాస్కో దగ్గరి లోబ్న్యాలో తయారైంది. ఇంకో పక్క ఐ.సి.ఎం. వాళ్ళ మిగ్-25 పెట్టె, అది కీవ్ నుంచి వచ్చింది. 2022 ఫిబ్రవరి నుంచి ఆ రెండు ఊర్ల దేశాల మధ్య యుద్ధం. అప్పట్లో ఒకే దేశం చేసిన విమానాలు ఇప్పుడు రెండు వైపులా ఎగురుతున్నాయి. పెట్టె మీద బొమ్మలో ఇవేవీ ఉండవు. నీలం ఆకాశం, మంట కక్కుకుంటా పోయే విమానం, అంతే.

పెట్టె మీద ఉండనిది ఇంకొకటి కూడా ఉంది, మనవాళ్ళ చేతులు. మిగ్-21ని మన దేశంలో హెచ్.ఎ.ఎల్. లైసెన్సు మీద తయారుచేసింది. ఒళ్ళు, రెక్కలు నాసిక్‌లో. ఇంజన్లు మన ఉత్తరాంధ్రకి ఆనుకుని ఉండే ఒడిశాలోని కోరాపుట్‌లో. రాడార్, రేడియో లాంటి ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్ బాలానగర్‌లో. ఆ బాలానగర్ డివిజన్ 1965లో మొదలైందే మిగ్-21 కోసం. ఎంతమంది తెలుగువాళ్ళు అక్కడ సోల్డరింగ్ చేసి, టెస్టింగ్ చేసి రిటైరై ఉంటారో. మన క్లాసులో ఎవరి తాతో అక్కడ పనిచేసి ఉండొచ్చు. పైలట్ పేరు పెట్టె మీద వేస్తారు. వైరింగ్ చేసినాయన పేరు ఎవరూ వెయ్యరు.

మరి ఇవన్నీ ఎక్కడ చెప్పాలి? దీనికి దారి మా ఇంట్లోనే దొరికింది. మిగ్-21 రిటైరైన వారం దసరా నవరాత్రులు. ఇంట్లో అవ్వ బొమ్మల కొలువు పెట్టింది. నా మిగ్-21ని కూడా పెట్టమంటే తిప్పి తిప్పి చూసి, దేవుళ్ళ మెట్టు మీద పెట్టలేదు, వద్దు అనీ అనలేదు. కింద మెట్టు మీద, చెట్టియారు అంగడికీ ఎద్దుల బండికీ పక్కన పెట్టింది. పేరంటానికి వచ్చినవాళ్ళు అడిగితే "మా వాడు కట్టినాడు, ఇది నిన్న మొన్నటి దాకా ఎగిరిందంట, శానామంది పిల్లోళ్ళు దీంట్లో పోయినారంట" అని చెప్తా వచ్చింది. కొలువులో పద్ధతే అది. బొమ్మ ఊరికే ఉండదు, ప్రతి బొమ్మ కథనీ ఆ ఇంటివాళ్ళు వచ్చినవాళ్ళకి చెప్తారు. మన టెక్ ఫెస్టుల్లో మోడల్స్ పెట్టినప్పుడు ఆ పద్ధతి లేదు. వచ్చినవాళ్ళు "ఇది అభినందన్ నడిపిన ప్లేన్ కదా బ్రో" అని సెల్ఫీ తీసుకుని పోతారు. 2019లో ఆయన నడిపింది మిగ్-21 బైసనే, అది కరెక్టే. 62 ఏళ్ళ కథలో ఒక్క రోజు మాత్రమే తెలియడం సరిపోదు.

అందుకే నా ప్రతిపాదన. కాలేజీలో ఎవరు ఏ విమానం మోడల్ పెట్టినా దాని పక్కన పోస్టుకార్డు సైజులో ఒక తెలుగు కార్డు ఉండాలి. ఎవరు రూపొందించినారు, ఎవరి చేతుల మీద తయారైంది, ఎందుకు వాడినారు, ఎవరు పోయినారు. ఈ నాలుగూ ఉండాలి. మేం మిగ్-21కి రాసుకున్నది ఇట్లా ఉంది:

"మిగ్-21. రూపకల్పన మికోయాన్, గురెవిచ్‌ల సంస్థ, మాస్కో. మన దేశంలో తయారీ నాసిక్; ఇంజన్ కోరాపుట్; ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్. సేవలో 1963 నుంచి 2025 దాకా. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నర్ హౌస్ మీద దాడి చేసింది ఇదే. 2012 దాకా అన్ని రకాల మిగ్‌లూ కలిపి 482 ప్రమాదాలు, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు. కొత్త పైలట్ల కోసం వేరే ట్రైనర్ కావాలని 1982లో చెప్పినారు, 2008లో వచ్చింది. ఈ మోడల్ స్కేలు 1/72."

దీనికి ఒక అభ్యంతరం ఉంది. పుంగనూరు వాడే అన్నాడు. "పండగ లాంటి ఫెస్టులో చావుల లెక్క పెడితే ఎవడు మన టేబుల్ దగ్గరికి వస్తాడు? సరదాగా చేసే పనిని ఎందుకు బరువు చేస్తావు?" అతని మాటలో న్యాయం ఉంది. సరదా లేకపోతే 32 బ్లేడ్లకి ఎవరూ రంగెయ్యరు. కానీ కార్డు సరదాని చంపుతుందని నేను అనుకోను. ముక్కు కోన్ ఎందుకు అంత చిన్నదో తెలిసినాకే దాన్ని అతికించడం నాకు ఇంకా ఇష్టమైంది. చూసేవాళ్ళకి కూడా అంతే. ఐదు సెకండ్లు చూసి పోయేవాళ్ళు రెండు నిమిషాలు నిలబడి చదివితే మన టేబుల్‌కి నష్టం లేదు.

ఇప్పుడు ఆ మూడో ప్రశ్నకి వస్తే, యుద్ధ యంత్రాన్ని ముద్దు చేస్తున్నామా? పక్కన ఏమీ రాయకుండా మెరిసే బొమ్మ ఒక్కటే పెడితే, అవును, ముద్దు చేస్తున్నట్టే. ఆ విమర్శని నేను ఒప్పుకుంటాను. అట్లాగని బొమ్మలే వద్దంటే ఆ కథ చెప్పే అవకాశం కూడా పోతుంది. 39 మంది పౌరుల లెక్క రాజ్యసభ కాగితాల్లో ఉంది, అది చదవడానికి ఎవరూ పోరు. అరచేతిలో పట్టే విమానం చూడటానికి అందరూ వస్తారు. వచ్చినవాళ్ళ కంటి ముందు ఆ లెక్క పెట్టే పని మనది. సి.ఎస్.ఇ. వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, రీడ్‌మీ ఫైల్ లేని ప్రాజెక్టుని ఎవరైనా సబ్మిట్ చేస్తే మన సార్లు తీసుకుంటారా?

తెలుగులోనే ఎందుకు అంటే, ఇంగ్లీషులో ఈ సమాచారం ఇప్పటికే కావలసినంత ఉంది. ఫెస్టుకి వచ్చే అమ్మానాన్నలకి, చుట్టుపక్కల గవర్నమెంట్ స్కూలు పిల్లలకి, గేటు దగ్గర ఉండే సెక్యూరిటీ అన్నకి చదువుకోవడానికి లేదు. ఇంకో సంగతి, ఇంగ్లీషులో "క్యాజువాల్టీస్: 39" అని టైపు చేసి తర్వాతి లైనుకి పోవచ్చు. తెలుగులో "39 మంది పోయినారు" అని చేత్తో రాసినప్పుడు నా పెన్ను ఒక్క క్షణం ఆగింది.

తు-142 ఇంకా పూర్తి కాలేదు. పది బ్లేడ్లకి రంగు మిగిలింది, దాని కార్డు మొదలుపెట్టలేదు. మిగ్-25 కార్డు సగంలో ఉంది: 1981లో చేరింది, 2006లో రిటైరైంది, బరేలీ నుంచి ఎగిరింది, మిగతాది రాయాలి. మా ముగ్గురికీ అతికించడం బాగా వచ్చు, నాలుగు లైన్లలో తప్పుల్లేకుండా తెలుగు రాయడం మాకంటే మన సాహితీ క్లబ్బు వాళ్ళకి బాగా వచ్చు. వచ్చే ఫెస్టుకి ఆరు మోడల్స్, ఆరు కార్డులు పెట్టాలని ఉంది. రాసేవాళ్ళు ముందుకొస్తే ఆదివారం పుంగనూరుకి రండి. టీ, ఉప్పుకాగితం మావి.